తుప్పు పట్టని అబద్ధం

"అల్లాయ్ అండీ, తుప్పు పట్టదు."

సైకిళ్ళ కొట్టులో ఈ మాట వినని తల్లి ఈ రోజుల్లో వుండదు. పిల్లకో పిల్లాడికో సైకిలు కొందామని వెళతాం. ధర వినగానే గుండె గుభేలుమంటుంది. "ఇంతెందుకండీ?" అని అడిగామో లేదో కొట్టతను ఈ మంత్రం చదువుతాడు. అల్లాయ్ అంటే ఏమిటంటే అల్యూమినియం అంటాడు. అల్యూమినియం అయితే ఏమిటంటే తుప్పు పట్టదంటాడు. ఆపైన అడగడానికి మనకేమీ మిగలదు. తుప్పు పట్టని వస్తువు ఈ లోకంలో దొరకడమే మహాభాగ్యం అనుకుని, డబ్బు కట్టి, సైకిలు ఇంటికి తెచ్చి, వరండాలో నిలబెట్టి, ఇక దాని సంగతి మర్చిపోతాం.

ఆ మాట అబద్ధమని నేనంటాను. పచ్చి అబద్ధం కాదు, సగం వుడికిన అబద్ధం. కడుపునొప్పి తెచ్చేది సగం వుడికిన మెతుకే కదా!

తుప్పు అనేది ఇనుముకి పట్టేది. ఎర్రగా, పొలుసులు పొలుసులుగా, ముట్టుకుంటే చేతికంటుకునేలా వుంటుంది. అల్యూమినియానికి అది పట్టదు, నిజమే. దానికి పట్టేది వేరే వుంది. తెల్లగా, పిండి చల్లినట్టు, గోడకి చవుడు కట్టినట్టు వుంటుంది. గీకి చూస్తే కింద సూదిమొనతో పొడిచినట్టు గుంటలుంటాయి. ఇనుముకి పట్టేదాన్ని తుప్పన్నాం, రాగికి పట్టేదాన్ని చిలుమన్నాం, అల్యూమినియానికి పట్టేదానికి మాత్రం పేరే పెట్టలేదు. పేరు లేని జబ్బుకి మందెవరు వేస్తారు? నేను దాన్ని తెల్లచిలుము అంటాను. ఇష్టమైతే మీరూ అనండి.

అసలు ఈ సంగతి మనకి తెలియనిదా? అల్యూమినియం అంటే మరేం కాదు, మన సత్తు. తెలంగాణా వాళ్ళు సిల్వరు గిన్నె అనేది కూడా దాన్నే. ఆవకాయ జాడీలోనే ఎందుకు పెడతాం, సత్తుగిన్నెలో ఎందుకు పెట్టం? మా అమ్మమ్మకి రసాయన శాస్త్రం రాదు. అక్షరం ముక్కే రాదు. కానీ ఆవకాయ తీసుకెళ్ళి సత్తుగిన్నెలో పెట్టిన కోడల్ని ఆవిడ బతికుండగా క్షమించేది కాదు. ఉప్పూ పులుపూ కలిస్తే సత్తుని తినేస్తాయని ఆవిడకి తెలుసు. పులుసు కాచిన గిన్నె కడక్కుండా వుంచేస్తే అడుగున గుంటలు పడతాయని తెలుసు. చాకలి సోడా తగిలితే నల్లబడుతుందని తెలుసు. ఈ మూడు ముక్కలూ తెలిసిన మనిషికి అల్యూమినియం సైకిలు గురించి తెలియాల్సిందంతా తెలిసినట్టే. వంటింటి గడప దాటి వరండాలోకి వచ్చేసరికి ఆ తెలివి మనకెందుకు గుర్తురాదన్నదే నా ప్రశ్న.

కొట్టతను చెప్పిన సగం నిజమేమిటో ముందు చూద్దాం. అల్యూమినియానికి గాలి తగిలీ తగలగానే పాలమీద మీగడలాగ దానంతటదే ఒక పొర కట్టుకుంటుంది. మిల్లీమీటరులో లక్షోవంతు మందం కూడా వుండదు. ఆ పొర గట్టిది. గీరుకుపోయినా మళ్ళీ కట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆ లోహాన్ని యాసిడ్ తొట్టెలో ముంచి, కరెంటు పెట్టి, ఈ పొరనే ఇంకా మందంగా పెంచుతారు. దాన్ని అనొడైజింగ్ అంటారు. మనం వాడే నల్లకుక్కరూ, నల్లపెనమూ అవే. అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన 1884లో చిన్న అల్యూమినియం శిఖరం ఒకటి పెట్టారు. అప్పట్లో దానిది వెండితో సమానమైన ధర. వానకి తడిసి, మంచుకి గడ్డకట్టి, 140 ఏళ్ళు దాటినా అది ఇంకా అక్కడే వుంది. పిడుగులు పడి మొన కాస్త కరిగిందంతే.

మరి అక్కడ అన్నేళ్ళు నిలిచిన లోహం మా విశాఖపట్నంలో రెండు వర్షాకాలాలకే ఎందుకు పిండి రాలుస్తుంది? ఆ స్తంభం మీదకి సముద్రపు తుంపర రాదు. దానిమీద కూర్చుని చెమట కార్చేవాళ్ళెవరూ లేరు. అల్యూమినియం కట్టుకున్న ఆ మీగడకి ఒక శత్రువుంది. అది ఉప్పు. చిన్న సందు దొరికితే చాలు, ఉప్పు లోపలికి దూరి సూదిగుంట తవ్వుతుంది. పైన పటారం, లోన లొటారం.

అంతటితో అయితే ఫరవాలేదు. అల్యూమినియానికి వచ్చే అసలు జబ్బు సావాసదోషం. సైకిల్లో అది ఒంటరిగా వుండదు. దాని పక్కన ఇనపబోల్టు, ఇనపఊచ, ఇనపగొట్టం వుంటాయి. రెండు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యన ఉప్పుతడి చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. రెండు రకాల లోహపు బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్కలు పెట్టి 1800లో ఇటలీలో వోల్టాగారు కరెంటు పుట్టించాడు. ఆయన కష్టపడి చేసిన పని మన వరండాలో సైకిలు నిద్రపోతూ చేస్తుంది. అలా కరెంటు పుట్టినప్పుడల్లా రెండిట్లో ఒక లోహం కరిగిపోతుంది. ఏ ఇంట్లోనైనా ఇద్దరు సర్దుకుపోవాలంటే అరిగేది ఒక్కరే. సైకిల్లో ఆ ఒక్కరూ అల్యూమినియం.

నమ్మకం కలక్కపోతే స్టీలు గిన్నెలో టమాటా పచ్చడి వేసి, పచ్చడికి ఆనేటట్టుగా మీద అల్యూమినియం ఫాయిల్ కప్పి రాత్రంతా వుంచండి. పొద్దున్న ఫాయిల్‌ని వెలుతురుకి పట్టి చూడండి. నక్షత్రాల్లా చిల్లులు కనిపిస్తాయి. ఆ పచ్చడి మాత్రం తినకండి.

సముద్రం లేని వూళ్ళవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. హైదరాబాదులోనైనా, కర్నూలులోనైనా చెమటలో వున్నది ఉప్పే. తొక్కే మనిషి నుదుటి నుంచి అది నేరుగా హ్యాండిలు మీదా, దాని బోల్టుల మీదా పడుతుంది.

ఇంత చేసి, ఏదో కాస్త పిండి రాలితే కొంపలేం మునుగుతాయి అంటారా? మునిగిన కొంప ఒకటి చెబుతాను.

మా వీధిలో ఒక అమ్మాయి వుంది. ఏడో తరగతిలో వుండగా సైకిలు కొన్నారు. ఇనపఫ్రేము, అందులో దిగేది అల్యూమినియం సీటు పిల్లరు. సముద్రం మా వీధికి కూతవేటు దూరం. సైకిలు వరండాలో వుండేది. రోజూ తుడిచేవారు, పండక్కి బొట్టుకూడా పెట్టేవారు. ఆ పిల్లరు మాత్రం కొన్ననాడు ఎంత ఎత్తున బిగించారో అంతే. ఈ లోపల గొట్టంలో తెల్లచిలుము పేరుకుంది. ఆ పొడికి వున్న దుర్గుణమేమిటంటే, అది తిన్న లోహం కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందంతా నిండి సిమెంటు పోసినట్టు బిగిసిపోయింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అమ్మాయి జానెడు పొడుగు పెరిగింది. సీటు మాత్రం ఒక్క అంగుళం కూడా పెరగలేదు.

మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుంటున్నాయనీ, నొప్పులనీ పిల్ల గోల పెడితే కొట్టుకి తీసుకెళ్ళారు. అక్కడతను సుత్తితో కొట్టాడు. పానాతో తిప్పాడు. ఆఖరికి గ్యాసుమంట పెట్టి కాల్చాడు. రంగు మాడింది, పిల్లరు కదల్లేదు. "అతుక్కుపోయిందమ్మా, ఇంక రాదు. కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

మంట పెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. వేడికి అల్యూమినియం ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇక్కడ లోపలున్నది అల్యూమినియం, బయటున్నది ఇనుము. రెంటినీ కలిపి కాలిస్తే లోపలిది మరింత బిగుస్తుందే గాని వదులుతుందా? మన వంటింట్లో ఒక గ్లాసు ఇంకో గ్లాసులో ఇరుక్కుంటే ఏం చేస్తాం? సుత్తి పట్టుకొస్తామా? లోపలి గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేణ్ణీళ్ళలో పెడతాం. రెండూ వాటంతటవే విడిపోతాయి. ఇక్కడా అదే సూత్రం. సందులో తుప్పు వదిలించే పల్చటి నూనె వేసి ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తరవాత పిల్లరుకి మంచుముక్కలు కట్టి, బయటి గొట్టానికి వేడిగుడ్డ చుట్టి, మెల్లిగా తిప్పాలి. తప్పకుండా వచ్చి తీరుతుందని నేను ప్రమాణం చెయ్యను. మంటతో కంటె వచ్చే ఆశ ఎక్కువ. గుడ్డా మంచూ నూనే మన ఇంట్లో వున్నవే. కానీ ఆ కొట్టు దగ్గర ఒక ఇల్లాలి సలహా ఎవరడుగుతారు? అడిగినా చెప్పే ధైర్యం మనకుందా?

సైకిలు పాతసామాన్లవాడికి పోయింది. కొత్తది కొనలేదు. "ఇప్పుడు పెద్దపిల్లయింది కదా, ఆటో మాట్లాడతాలే" అన్నారు వాళ్ళ నాన్నగారు. ఇప్పుడా పిల్ల పొద్దున్న ఏడున్నరకి మరో ఏడుగురితో కలిసి ఆటోలో కూరుకుని వెళుతుంది, సాయంత్రం అలాగే వస్తుంది. గ్రంథాలయం లేదు, స్నేహితురాలి ఇల్లు లేదు, సముద్రపొడ్డు లేదు. ఆటో తిరిగేంతమేరకే ఆ పిల్ల ప్రపంచం. దానికి కారణం ఇంట్లోవాళ్ళ ఛాదస్తమని అందరూ అనుకున్నారు. ఛాదస్తానికి ఆ అవకాశం ఇచ్చింది మాత్రం చెంచాడు గ్రీజు లేకపోవడం.

"ఒక్క సైకిలుకింత రాద్ధాంతమా?" అనకండి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతో బాటే వేలమంది ఆడవాళ్ళు సైకిలు తొక్కడం నేర్చుకున్నారు. అక్షరమూ సైకిలూ రెండూ ఒకే గుమ్మంలోంచి బయటికి తీసుకెళతాయని వాళ్ళకి తెలిసింది. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళిచ్చే పథకం మొదలయింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్క కట్టి 2017లో ప్రచురించారు. హైస్కూలు చదువులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారట. ఆ పెరుగుదల ముఖ్యంగా బడి దూరంగా వున్న వూళ్ళలో. అంటే ఒక పిల్ల చదువుకీ, చదువు మానడానికీ మధ్యన నిలబడ్డది రెండు చక్రాలు. ఆ చక్రాలు ఆగిపోకుండా చూసుకోవడం చిన్న విషయమెలా అవుతుంది?

మనవాళ్ళకో సామెత వుంది. తిరిగి ఆడది చెడిందట, తిరక్క మగవాడు చెడ్డాడట. ఆడదాని సంగతి సామెత కట్టినవాడికే తెలియాలి గాని, సైకిలు మాత్రం తిరక్కే చెడుతుంది. కదలని పిల్లరు, విప్పని పెడలు, తీయని బోల్టు, ఇవే అతుక్కుపోయేవి. తరచు విప్పి బిగించేది ఎన్నాళ్ళయినా విడివడుతుంది.

మరి విప్పేదెవరు? ఇక్కడే నాకు కోపం వస్తుంది. మగపిల్లాడు సైకిలు విప్పి వరండా అంతా పరిస్తే "ఇంజనీరవుతాడు వెధవ" అని మురిసిపోతాం. ఆడపిల్ల విప్పితే "ఆ గ్రీజు చేతులతో తువ్వాలు ముట్టుకోకు" అంటాం. చేపలు తోముతాం, పసిపిల్లల గుడ్డలు ఉతుకుతాం, మసిబట్టిన బాణలి గీకుతాం. గ్రీజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి మడి గుర్తొస్తుంది. కుట్టుమిషనుకి నూనె వేసేది మనం, కుక్కరు గాస్కెట్టు మార్చేది మనం, మిక్సీ బ్లేడు బిగించేది మనం. అవన్నీ ఇంట్లో పనులు. సైకిలు మాత్రం మెకానిక్కు పని! 1896లోనే అమెరికాలో మరియా వార్డ్ అనే ఆవిడ ఆడవాళ్ళకోసం సైకిలు పుస్తకం రాసి, అందులో స్త్రీలూ పనిముట్లూ అని ఒక అధ్యాయమే పెట్టింది. 130 ఏళ్ళు కావస్తున్నా మనింటి పానా ఇంకా అబ్బాయి సొరుగులోనే వుంది.

ఇంతకీ ఆ పని ఎంతుందనుకుంటున్నారు? తలంటు పోసుకునే సేపు కూడా పట్టదు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి. సైకిలుకీ అదే ధర్మం. సముద్రపుటొడ్డుకి వెళ్ళొచ్చినా, బాగా చెమట కార్చి తొక్కినా, చెంబుతో మంచినీళ్ళు పోసి, పాత నూలుగుడ్డతో పొడిగా తుడవాలి. గొట్టం పెట్టి జోరుగా కొట్టకూడదు. నీళ్ళు ఇరుసుల్లోకి దూరతాయి. మురికి వదలకపోతే తలకి వాడే షాంపూ రెండు చుక్కలు చాలు. చాకలి సోడా, బ్లీచింగు, గిన్నెలు తోమే ఇనప పీచు దగ్గరికి రానివ్వకండి. సోడా ఆ పైపొరనే కరిగించేస్తుంది. ఇనప పీచు గీతలు పెట్టడమే కాక ఇనపనలుసులు వదిలిపెట్టి పోతుంది, సావాసదోషం మళ్ళీ మొదలు. తడి సైకిలు మీద ప్లాస్టిక్ పట్టా కప్పడం చలువ చేసిందనుకుంటాం గాని, అది తడిని మూటకట్టి వుంచడమే.

సీటు పిల్లరు సముద్రపు వూళ్ళలో రెండు నెలలకోసారి, తక్కినచోట్ల ఏడాదికి మూడుసార్లు పైకి తియ్యాలి. తీసేముందు ఎత్తు గుర్తుకి చిన్న టేపుముక్క అంటించుకోండి. పిల్లరూ, గొట్టం లోపలా గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు పూసి, మళ్ళీ దింపి బిగించాలి. సీటు పెంచేటప్పుడు పిల్లరు మీద వుండే హద్దుగీత బయటికి కనపడకూడదు, మర్చిపోకండి. అలాగే పెడళ్ళు. క్రాంకు అల్యూమినియం, పెడలు ఇరుసు ఇనుము కాబట్టి మరకి గ్రీజు రాయాలి. ఎడమవైపు పెడలు మర తిరకాసుగా వుంటుంది. అన్నీ విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. ఈ చిన్న రహస్యం తెలియక ఎన్ని పానాలు జారి ఎన్ని వేళ్ళు చితికాయో!

గీత పడి మెరుపు బయటపడ్డచోట రంగులేని గోళ్ళ పాలిష్ ఒక చుక్క వెయ్యండి. మన బల్లమీద వున్నదే. కార్లకి పూసే మైనం ఫ్రేముకి నెలకోసారి రాస్తే ఉప్పు అంత తొందరగా అంటదు. చక్రం రిమ్ముకి మాత్రం మైనమూ గ్రీజూ తగలనివ్వకండి, బ్రేకు పట్టదు. గుంటలు లోతుగా పడ్డా, హ్యాండిలు మీద వెంట్రుకంత పగులు కనిపించినా తోమి దాచకుండా ఆ భాగం మార్చెయ్యండి. అల్యూమినియం ఇనుములాగ ముందు వంగి హెచ్చరించకపోవచ్చు, పుటుక్కుమని విరగొచ్చు.

కొనేటప్పుడే కొట్టతన్ని రెండు ప్రశ్నలడగండి. "సీటు పిల్లరుకి గ్రీజు రాశారా? ఊచల నిపిల్సు ఇత్తడివా, అల్యూమినియమా?" సముద్రపు వూళ్ళలో ఇత్తడివే మేలు. అతను ఒకసారి మన మొహం కేసి చూస్తాడు. చూడనివ్వండి. బంగారం కొట్లో కాసుకి తరుగెంతని అరగంట బేరమాడే వాళ్ళం, ఇక్కడ నోరెందుకు మూసుకోవాలి?

"సర్వీసింగు సెంటర్లున్నాయిగా?" అంటారు కొందరు. వున్నాయి. వాటి దగ్గరికి మనం వెళ్ళేది చెడిన తరవాత. ఉప్పు మన తీరికకోసం కాచుకుని కూర్చోదు. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ గ్రీజు గొడవ?" అని అడిగినవాళ్ళూ వున్నారు. నా కథల్లో ఆడపిల్ల ఇల్లు దాటాలంటే ఎవరో ఒకర్ని తోడిచ్చి రైలెక్కించాల్సి వస్తోంది. పధ్నాలుగేళ్ళ పిల్ల తనంతట తాను, తన కాళ్ళ బలంతో, ఎవర్నీ పెట్రోలు డబ్బులడక్కుండా ఇల్లు దాటే వాహనం సైకిలొక్కటే. ఆ సైకిలు బాగున్నంతకాలం నాకు కథలకి లోటుండదు.

గ్రీజుడబ్బా ధర అరకిలో నెయ్యికన్న తక్కువ. ఒక పానా, ఒక గ్రీజుడబ్బా, ఒక పాత పళ్ళబ్రష్షు, ఇంతే సరంజామా. ఈ ఆదివారం మీ అమ్మాయికి తలంటు పోశాక, ఆ అమ్మాయి చేత సైకిలుకి పోయించండి. మీరు పక్కన కూర్చోండి, చెప్పకండి, అడిగితేనే చెప్పండి. తువ్వాళ్ళు పాడవుతాయని బెంగైతే, పాతదొకటి వరండాలో కొక్కేనికి విడిగా తగిలించండి. ఇకమీదట అది ఆ పిల్లది.